ఇల్లాలూ చట్టమూ: నోటు మీద తేదీ చూశారా?

బీరువాలో పట్టుచీరల మడతల్లోనో, పూజగది సొరుగులోనో, పాత బిస్కెట్ల డబ్బాలోనో దాచిపెట్టిన ప్రామిసరీ నోటు మీ ఇంట్లో ఉందా? ఉంటే ఒక్క నిమిషం ఈ పేజీ పక్కన పెట్టి ముందు దాన్ని బయటికి తీయండి. అసలెంత, వడ్డీ ఎంత అన్నది చూడనక్కర్లేదు. అవి మీకు కంఠతా వచ్చే ఉంటాయి. చూడాల్సింది తేదీ.

దగ్గుమందు సీసా కొంటే దాని మీద గడువు తేదీ చూస్తాం. శనగపిండి ప్యాకెట్టు కొన్నా చూస్తాం. ప్రామిసరీ నోటుకు కూడా అలాంటి గడువు ఒకటుంది. కాకపోతే అది నోటు మీద అచ్చువేసి ఉండదు, మనమే లెక్క వేసుకోవాలి. ఆ గడువు మూడేళ్లు. మూడేళ్లు దాటిన నోటు పట్టుకుని కోర్టుకు వెళితే, అప్పు నిజమే అయినా, సంతకం నిజమే అయినా, సాక్షులిద్దరూ వచ్చి ‘అవునండీ, మా కళ్లెదుటే డబ్బిచ్చారు’ అని చెప్పినా దావా కొట్టేస్తారు. దీన్నే మన ఊళ్లలో ‘నోటుకు కాలదోషం పట్టింది’ అంటారు. ప్లీడర్లయితే ‘టైంబార్ అయింది’ అంటారు.

మగవాళ్లు వ్యాపారంలో ఇచ్చే అప్పులకు గుమాస్తాలుంటారు, ఆడిటర్లుంటారు, తేదీలు గుర్తుచేసేవాళ్లుంటారు. మనం ఇచ్చే అప్పులు వేరు. చీటీ పాడిన డబ్బు, పాలు పోసి కూడబెట్టిన డబ్బు, కుట్టుమిషను తొక్కి దాచుకున్న డబ్బు, పుట్టింటివాళ్లు పసుపుకుంకుమల కింద ఇచ్చిన చెక్క అమ్మితే వచ్చిన డబ్బు - ఇవీ మన చేతిలో ఉండేవి. అడిగేది కూడా పరాయివాళ్లు కాదు. ఆడపడుచు భర్తో, పిన్ని కొడుకో, పక్కింటి వదినగారో అడుగుతారు. ఇచ్చేటప్పుడు మొహమాటం. తిరిగి అడగడానికి ఇంకా మొహమాటం. ‘అదేమిటి వదినా, నేనెక్కడికి పోతాను? సంక్రాంతికి ధాన్యం డబ్బు రాగానే ఇచ్చేస్తాగా’ అంటే, ‘సరేలే తమ్ముడూ’ అని కాఫీ ఇచ్చి పంపిస్తాం. అలా మూడు సంక్రాంతులు వెళ్లిపోతే నోటు చచ్చిపోయినట్టే. అప్పు తీసుకున్నవాళ్లు మోసగాళ్లే కానక్కర్లేదు. మన మొహమాటమే చాలు.

ఈ గడువు ఎవరు పెట్టారు?

దీనికి ఆధారం 1963 నాటి కాలపరిమితి చట్టం. 1964 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు 1908 నాటి చట్టం ఉండేది. ఏ రకం దావా ఎన్నేళ్ల లోపు వేయాలో, ఆ లెక్క ఏ రోజు నుంచి మొదలవుతుందో ఈ చట్టం చివర ఒక పట్టికలో ఉంటుంది. గడువు దాటాక వేసిన దావాను, ఎదుటివాళ్లు ఆ సంగతి ఎత్తకపోయినా సరే, కోర్టే కొట్టేయాలని 3వ సెక్షను చెబుతుంది.

ఇదేం న్యాయమండీ, అప్పు ఎగ్గొట్టేవాడికి చట్టమే దారి చూపిస్తోందా అని మీకు అనిపించవచ్చు. ఒక్క క్షణం అటువైపు నుంచి చూడండి. ఎవరో వచ్చి, ముప్ఫయ్యేళ్ల కిందటి కాగితం చూపించి, ‘మీ మామగారు మాకు బాకీ’ అంటే మీరేం చేస్తారు? ఆయన లేరు, సాక్షులు లేరు, తీర్చేశారో లేదో చెప్పేవాళ్లు లేరు. రసీదులు ఏ చెదపురుగుల పాలయ్యాయో తెలియదు. అందుకే, హక్కున్నవాళ్లు సకాలంలో అడగాలి అని చట్టం ఒక గీత గీసింది. ఆ గీత ఇద్దరికీ సమానమే. తెలిసినవాళ్లకు అది రక్ష, తెలియనివాళ్లకు నష్టం.

‘కోరినప్పుడు’ అనే మాటలో ఉన్న మెలిక

మన దగ్గర దుకాణాల్లో దొరికే అచ్చు నోట్లన్నిటిలోనూ, మీరు కోరినప్పుడు వడ్డీతో సహా చెల్లిస్తాను అనే అర్థం వచ్చే మాటలుంటాయి. ఇది చదివి చాలామంది ఏమనుకుంటారంటే, ‘నేనింకా గట్టిగా అడగనే లేదు కదా, నేను అడిగిన రోజు నుంచి కదా మూడేళ్లు’ అని. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. కోరినప్పుడు చెల్లించాల్సిన నోటుకు మూడేళ్ల లెక్క మీరు అడిగిన రోజు నుంచి కాదు, వాళ్లు కాదన్న రోజు నుంచి కాదు. నోటు మీద వేసిన తేదీ నుంచే. డబ్బిచ్చి మీరు ఇంటికి వచ్చి చెప్పులు విప్పేసరికే గడియారం తిరగడం మొదలవుతుందన్నమాట.

అలా కాక, ఫలానా తేదీకి చెల్లిస్తాను అని నోటులోనే గడువు రాసి ఉంటే, లెక్క ఆ గడువు తేదీ నుంచి మొదలవుతుంది.

లెక్క ఎలా వేయాలో చూడండి. 2024 ఫిబ్రవరి 10న మీరు లక్ష రూపాయలు ఇచ్చి నోటు రాయించుకున్నారు అనుకోండి. రాసిన రోజును లెక్కలోంచి తీసేస్తారు. కాబట్టి దావా వేయడానికి ఆఖరి రోజు 2027 ఫిబ్రవరి 10. ఆ రోజు కోర్టుకు సెలవైతే, కోర్టు మళ్లీ తెరిచిన రోజున వేయవచ్చు. కానీ ఆఖరి రోజు దాకా ఆగడం మంచి పద్ధతి కాదు సుమా. ప్లీడరుగారు కాగితాలు తయారు చేయాలి, కోర్టు ఫీజు కట్టాలి, దీనికంతా టైము కావాలి.

గడియారాన్ని ఆపలేనివి

మనం ఆపుతాయనుకునేవీ, నిజానికి ఆపనివీ కొన్ని ఉన్నాయి. ఇవి బాగా గుర్తుపెట్టుకోండి.

నోటిమాట ఆపదు. ‘తప్పకుండా ఇస్తానక్కా’ అని అమ్మవారి గుడి మెట్ల మీద ప్రమాణం చేసినా ఆపదు.

పెద్దమనుషుల్లో పెట్టడం ఆపదు. పంచాయితీ ఏడాది పాటు సాగితే ఆ ఏడాదీ మీ మూడేళ్లలోంచి తరిగిపోతుంది.

ప్లీడరు నోటీసు ఆపదు. రిజిస్టరు పోస్టులో నోటీసు పంపాం కదా అని నిశ్చింతగా కూర్చునేవాళ్లు ఎందరో. నోటీసు మంచిదే, కానీ దాంతో గడువు ఒక్క రోజు కూడా పెరగదు. గడువు లోపల కోర్టులో దావా పడాలి.

జబ్బు ఆపదు, చావు ఆపదు. ఒకసారి నడవడం మొదలుపెట్టిన గడువు ఆ తర్వాత వచ్చిన కష్టాల వల్ల ఆగదని 9వ సెక్షను చెబుతుంది. అప్పీళ్లలోనూ, కొన్ని దరఖాస్తుల్లోనూ ‘ఫలానా కారణం వల్ల ఆలస్యమైంది, మన్నించండి’ అని కోర్టును వేడుకునే వీలుంది. బాకీ దావాకు ఆ వీలు లేదు. భర్త పోయి ఏడాదిపాటు గుమ్మం దాటని ఇల్లాలు, ఆ తర్వాత పెట్టె తెరిచి ఆయన పేర ఉన్న నోట్లు చూసుకునేసరికి గడువు దాటిపోయి ఉంటే కోర్టు జాలిపడినా డిక్రీ ఇవ్వలేదు. అందుకే, చెప్పడానికి బాధగానే ఉన్నా చెబుతున్నాను. ఇంట్లో అలాంటి కష్టం వచ్చినప్పుడు, కర్మకాండలు అయిన వెంటనే నమ్మకమైనవాళ్లెవరైనా ఆ నోట్ల తేదీలు చూడాలి.

కరోనా రోజుల సంగతి మాత్రం ప్రత్యేకం. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని ఈ లెక్కల్లోంచి మినహాయించాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. అయితే ఆ రోజుల్లో రాసిన నోట్లకు ఆ మినహాయింపు కలిపినా 2025 ఫిబ్రవరితో గడువు తీరిపోయింది. మధ్యలో చెల్లు పడితే తప్ప.

ఇంతకీ ఈ చెల్లు అంటే ఏమిటో చూద్దాం.

నోటు వెనక చెల్లు

మన అమ్మమ్మలు చదువుకోకపోయినా ఈ ఒక్క విషయం వాళ్లకు బాగా తెలుసు. ‘నోటు వెనక చెల్లు వేయించావా?’ అని అడిగేవాళ్లు. అప్పు తీసుకున్న మనిషి గడువు లోపల అసలు కిందగానీ, వడ్డీ కిందగానీ కొంత చెల్లించి, చెల్లించినట్టు రాసి సంతకం చేస్తే, ఆ చెల్లించిన రోజు నుంచి మళ్లీ కొత్తగా మూడేళ్లు వస్తాయి. కాలపరిమితి చట్టం 19వ సెక్షను చెప్పేది ఇదే.

పై లెక్కలోనే చూడండి. 2024 ఫిబ్రవరి 10 నాటి నోటు మీద 2026 జనవరి 5న ఆయన 5,000 రూపాయలు వడ్డీ కింద ఇచ్చి, నోటు వెనక రాసి సంతకం చేశారనుకోండి. ఇక మీ గడువు 2029 జనవరి 5 దాకా.

చెల్లు విషయంలో మనవాళ్లు చేసే పొరపాట్లు మూడు.

మొదటిది, చెల్లు మనమే రాసుకోవడం. ‘5,000 ముట్టింది’ అని మనం రాసి మనం సంతకం పెట్టుకుంటే అది మన జ్ఞాపకానికి పనికొస్తుంది, కోర్టుకు పనికిరాదు. చెల్లు ఇచ్చినవాళ్ల చేతిరాతతోనైనా ఉండాలి, లేదా వాళ్ల సంతకమైనా ఉండాలి. రాత ఎవరిదైనా కింద సంతకం వాళ్లచేత పెట్టించడమే క్షేమం. తేదీ, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాయించండి.

రెండోది, గడువు దాటాక చెల్లు వేయించడం. మూడేళ్లు నిండిన మర్నాడు వేసిన చెల్లు వల్ల పాత నోటుకు ప్రాణం రాదు.

మూడోది, ఇద్దరు కలిసి నోటు రాస్తే ఒక్కరిచేతే చెల్లు వేయించడం. అన్నదమ్ములిద్దరు సంతకం చేసి తీసుకున్న అప్పుకు అన్నగారు ఒక్కరే చెల్లు వేస్తే, అంతమాత్రాన తమ్ముడి మీద గడువు పెరగదు. ఇద్దరి సంతకాలూ తీసుకోండి.

ఇప్పుడంతా ఫోన్లోనే డబ్బు పంపుతున్నారు. వడ్డీ మీ ఖాతాలో పడింది కదా అని ఊరుకోకండి. డబ్బు వచ్చిందనడానికి అది సాక్ష్యమే. కానీ చట్టం అడిగేది రాత, సంతకం. వాళ్లు ఇంటికి వచ్చినప్పుడు నోటు తీసి, ఇంతవరకు పంపినవి వెనక రాయించుకుని సంతకం పెట్టించుకోండి. చెక్కు ద్వారా ఇస్తే ఇంకా నయం, చెక్కు మీద వాళ్ల సంతకం ఎలాగూ ఉంటుంది. ఆ చెక్కు జిరాక్సు తీసి దాచుకోండి.

డబ్బేమీ ఇవ్వలేని పరిస్థితిలో ఉన్నారా? అప్పుడు 18వ సెక్షను ఉంది. గడువు లోపల ‘ఫలానా తేదీ నోటు తాలూకు బాకీ నేను మీకు ఉన్న మాట నిజమే’ అని రాసి సంతకం చేసినా కొత్తగా మూడేళ్లు వస్తాయి. ‘ఇప్పుడు ఇవ్వలేను’ అని అందులో రాసినా ఫరవాలేదు. బాకీ ఉందని ఒప్పుకుంటే చాలు. అన్నిటికన్నా సులువైన దారి, పాత అసలూ వడ్డీ కలిపి కొత్త నోటు రాయించుకోవడం. మనవాళ్లు ‘నోటు తిరగరాయడం’ అంటారు చూడండి, అదే.

ఒక్క హెచ్చరిక. తేదీ దాటిపోతోంది కదా అని నోటు మీద అంకె దిద్దే పని మాత్రం పెట్టుకోకండి. 4ను 5 చేశారో, నోటే చెల్లకుండా పోతుంది. తేదీ మార్చడం నోటును మార్చడం కిందే లెక్క.

గడువు దాటిపోతే ఇక అంతేనా?

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. కాలదోషం పట్టాక పోయేది కోర్టు దారి మాత్రమే, అప్పు మాయమైపోదు. ఆ మనిషి తర్వాత మనసు మారి ఇస్తే మీరు హాయిగా పుచ్చుకోవచ్చు. ఇచ్చాక ‘అది టైంబార్ అయిన అప్పు, నా డబ్బు నాకివ్వండి’ అని వెనక్కి అడిగే హక్కు వాళ్లకు లేదు.

ఇంకో దారి 1872 నాటి కాంట్రాక్టు చట్టం 25వ సెక్షనులో ఉంది. గడువు దాటిన అప్పునైనా సరే, ‘దీన్ని తీరుస్తాను’ అని రాతపూర్వకంగా మాట ఇచ్చి సంతకం చేస్తే ఆ కాగితం చెల్లుతుంది. దాని మీద కొత్తగా దావా వేయవచ్చు. 18వ సెక్షనుకూ దీనికీ తేడా గమనించండి. గడువు లోపల అయితే ‘బాకీ ఉన్నాను’ అంటే చాలు. గడువు దాటాక ‘ఇస్తాను’ అనే మాట కాగితం మీద ఉండి తీరాలి.

నోటే లేకపోతే?

చేబదులుగా ఇచ్చిన డబ్బుకు కూడా గడువు మూడేళ్లే, ఇచ్చిన రోజు నుంచి. ఇచ్చినట్టు రుజువు చేయడమే కష్టం. అందుకే కాస్త పెద్ద మొత్తమైతే బ్యాంకు ఖాతా ద్వారా ఇవ్వండి. పైగా 20,000 రూపాయలు, ఆ పైన అప్పులు నగదు రూపంలో పుచ్చుకోకూడదని ఆదాయపన్ను చట్టం సాధారణంగా చెబుతోంది.

చీరలు అరువిచ్చే అక్కచెల్లెళ్లు కూడా ఈ లెక్క తెలుసుకోవాలి. ఇన్ని రోజుల్లో ఇవ్వాలని గడువేమీ పెట్టకుండా అరువిచ్చిన సరుకుకు, సరుకు ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు. జాకెట్లు కుట్టడం లాంటి పనులకు పని పూర్తి చేసిన రోజు నుంచి మూడేళ్లు. అద్దె బకాయికి కూడా మూడేళ్లే, ఏ నెల అద్దెకు ఆ నెల లెక్క. ఐదేళ్ల అద్దె బకాయి ఉందంటే, వెనకటి రెండేళ్లదీ కోర్టు ద్వారా రాబట్టడం కష్టం.

ఇల్లో పొలమో తనఖా పెట్టుకుని ఇచ్చిన డబ్బుకు మాత్రం గడువు ఎక్కువ. ఆ ఆస్తి మీద డబ్బు రాబట్టుకోవడానికి, బాకీ చెల్లించాల్సిన తేదీ నుంచి 12 ఏళ్లు. నోటు మీద డిక్రీ వచ్చాక దాన్ని అమలు జరిపించుకోవడానికి కూడా 12 ఏళ్ల టైముంటుంది.

చెక్కు సంగతి వేరు, అక్కడ ఏళ్లు కాదు, రోజుల లెక్క. చెక్కు తేదీ నుంచి మూడు నెలల లోపు బ్యాంకులో వేయాలి. డబ్బు లేక తిరిగి వస్తే, ఆ సంగతి బ్యాంకు చెప్పిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి. నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే, ఆ పైన ఒక నెల లోపు క్రిమినల్ కోర్టులో ఫిర్యాదు చేయాలి. చెక్కు చేతిలో ఉంది కదా అని పోపులపెట్టెలో దాచుకుంటే లాభం లేదు.

బాకీ మనదే అయితే?

ఇప్పటిదాకా ఇచ్చినవాళ్ల వైపు నుంచి చెప్పుకున్నాం. తీసుకున్నవాళ్ల వైపు నుంచి కూడా నాలుగు ముక్కలు చెప్పుకోవాలి.

ఖాళీ నోటు మీద సంతకం చేయకండి. తేదీ, మొత్తం రాయకుండా స్టాంపు మీద సంతకం మాత్రం తీసుకుని, అవతలివాళ్లు తమకు కావలసిన తేదీ వేసుకుంటే మీ మూడేళ్ల రక్షణ గాలికి పోయినట్టే. సంతకం చేసి ఇచ్చాక, అందులో ఖాళీలు పూరించుకునే అధికారం ఇచ్చారనే కోర్టు అనుకునే ప్రమాదం ఉంది.

పాత బాకీ తాలూకు ఏ కాగితం మీదైనా, ‘ఊరికే అక్కా, లెక్క సరిచూసుకోవడానికి’ అన్నా సరే, చదవకుండా సంతకం చేయకండి. బ్యాంకులు పంపే ‘ఇంత బాకీ ఉన్నట్టు ధ్రువీకరించండి’ అనే కాగితం కూడా పైన చెప్పిన ఒప్పుకోలు కిందికే రావచ్చు.

భర్త చేసిన అప్పుకు, భార్య అయినంతమాత్రాన మీరు సొంతంగా బాధ్యులు కారు. ఆయన పోయాక, ఆయన ఆస్తి మీ చేతికి ఎంత వచ్చిందో అంతవరకే అప్పులవాళ్లు అడగగలరు. కానీ మీరు కూడా నోటు మీద సంతకం చేసి ఉంటే మాత్రం మీరూ బాకీదారే. దుఃఖంలో ఉండగా ఎవరో వచ్చి ‘మీ పేర నోటు మార్చి ఇవ్వండమ్మా’ అంటే వెంటనే ఇవ్వకండి. ‘పెద్దవాళ్లతో మాట్లాడి చెబుతాను’ అనడంలో తప్పేమీ లేదు.

డబ్బు డిక్రీ కింద ఆడవాళ్లను అరెస్టు చేయడానికి వీల్లేదని సివిల్ ప్రొసీజర్ కోడు 56వ సెక్షను చెబుతోంది. వంటపాత్రలు, కట్టుబట్టలు, పరుపులు, మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని ఆభరణాలు జప్తు చేయకూడదని 60వ సెక్షను చెబుతోంది. మన మంగళసూత్రం అలాంటిదే. ‘జైల్లో పెట్టిస్తాం, మెళ్లో తాళి తెంపుకుపోతాం’ అని బెదిరించేవాళ్లకు ఈ రెండు సెక్షన్లూ చెప్పండి.

అలాగని, నిజంగా తీసుకున్న అప్పును తేదీ దాటిపోయిందని ఎగ్గొట్టమని నేను సలహా ఇవ్వను. ఒకరి కష్టార్జితం మన ఇంట్లో ఉంటే అది తీర్చాల్సిందే. చట్టం విడిచిపెట్టినా ఎదురుపడినప్పుడు తల వంచుకోవాల్సింది మనమే కదా.

తరచుగా వచ్చే సందేహాలు

*నోటు మావారి పేర ఉంది, ఆయన పోయారు. నేను దావా వేయవచ్చా?*

వేయవచ్చు. వారసులందరూ కలిసి వేయాలి, లేదా అందరినీ పార్టీలుగా చేర్చాలి. అయితే డిక్రీ ఇచ్చేముందు కోర్టు వారసత్వ ధ్రువపత్రం అడుగుతుంది. సక్సెషన్ సర్టిఫికెట్ అంటారు. అది రావడానికి నెలలు పడుతుంది కాబట్టి, అది వచ్చాకే దావా వేద్దామని కూర్చోకండి. గడువు లోపల దావా వేసి, ఆ పత్రం తీర్పుకు ముందు దాఖలు చేసుకోవచ్చు.

*అప్పు తీసుకున్న అబ్బాయి అమెరికా వెళ్లిపోయాడు. మూడేళ్లు దాటింది. ఇక ఆశ లేదా?*

ఉంది. బాకీదారు మన దేశంలో లేని కాలాన్ని గడువు లెక్కలోంచి మినహాయించాలని 15వ సెక్షను చెబుతుంది. అతను ఎప్పుడు వెళ్లాడు, మధ్యలో ఎప్పుడెప్పుడు వచ్చి ఉన్నాడు అనే వివరాలు సేకరించుకుని ప్లీడరును కలవండి.

*నోటు మీద రెవిన్యూ స్టాంపు అంటించలేదు. తర్వాత జరిమానా కడితే సరిపోతుందా?*

సరిపోదు. కొన్ని రకాల పత్రాలకు జరిమానా కట్టి సాక్ష్యంగా పెట్టే వీలుంది గానీ, ప్రామిసరీ నోటుకు ఆ వీలు లేదు. రాసేటప్పుడే స్టాంపు అంటించి, సంతకం దాని మీదుగా పడేలా చూడండి.

*బంగారం తాకట్టు పెట్టాను. డబ్బు కడతానన్నా నగలు ఇవ్వనంటున్నారు. ఎన్నాళ్లలో కోర్టుకు వెళ్లాలి?*

మీరు అడిగి, వాళ్లు ఇవ్వనన్న రోజు నుంచి మూడేళ్లు. అందుకే నోటిమాటగా కాక, ‘డబ్బు తీసుకుని నగలు ఇవ్వండి’ అని రాతపూర్వకంగా అడగండి. దాని నకలు దాచుకోండి.

*మెసేజిలో ‘మీ డబ్బు ఇస్తాను’ అని పెట్టాడు. అది చాలదా?*

మెసేజి తుడిచేయకండి, సాక్ష్యంగా పనికిరావచ్చు. కానీ దాన్ని నమ్ముకుని సంతకం ఉన్న కాగితం మానేయకండి.

ఈ వారమే చేయాల్సిన పని

పాలవాడి లెక్క, చాకలి పద్దు రాసుకునే పుస్తకం మన ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. అందులోనే వెనక ఒక పేజీ కేటాయించండి. ఎవరికి, ఎంత, నోటు తేదీ, చివరి చెల్లు తేదీ, మూడేళ్లు నిండే తేదీ - ఈ ఐదూ రాయండి. కొత్త క్యాలెండరు గోడకు తగిలించే రోజున, ఆ ఏడాదిలో మూడేళ్లు నిండే నోట్లకు ఆరు నెలల ముందు తేదీ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. ఆ తేదీ రాగానే చెల్లు వేయించడమో, నోటు తిరగరాయించడమో జరగాలి. రెండిటికీ ఒప్పుకోకపోతే ఇక మొహమాటం వదిలి ప్లీడరు దగ్గరికి వెళ్లాలి.

ఫీజుకు డబ్బు లేదని ఆగిపోనక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం, ఆదాయంతో పని లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో అడగండి. రాజీకి వాళ్లు సిద్ధంగా ఉంటే లోక్ అదాలత్ కూడా మంచి దారే. కానీ రాజీ మాటల్లో పడి గడువు తేదీ మాత్రం దాటనివ్వకండి.

చెల్లు వేయమని అడగడానికి ఇబ్బందిగా ఉంటే, ఇలా అనండి: ‘డబ్బు ఇప్పుడే ఇమ్మని కాదు తమ్ముడూ, కాగితం సరిగ్గా ఉంచుకోమన్నారు. వంద రూపాయలు వేసి వెనక ఒక సంతకం పెట్టు’. ఇవ్వాలనే ఉద్దేశం ఉన్నవాళ్లు ఆ సంతకం నవ్వుతూ పెడతారు. పెట్టనంటే, అసలు సంగతి మీకు ఆ రోజే తెలిసిపోతుంది. మూడేళ్లు దాటాక తెలియడం కన్నా అది నయం కదూ!